జాతిరాయి కొనేముందు బిల్లులో ఏం రాయించుకోవాలి?

విజయవాడ బీసెంట్ రోడ్డులో అడిగినా, గుంటూరు పట్నం బజారులో అడిగినా "ఒరిజినలేనా అండీ?" అన్నదానికి వచ్చే జవాబు ఒక్కటే. అది అబద్ధం కూడా కాకపోవచ్చు, ఎందుకంటే గాజు నింపిన కెంపు కూడా గనిలోంచి వచ్చిందే. అందుకే అడగాల్సినవి వేరే ఉన్నాయి. గనిలో దొరికిందా, ల్యాబులో తయారైందా? రంగు, మెరుపు పెంచడానికి ఏం ట్రీట్‌మెంట్ చేశారు? ఈ రెండూ బిల్లు మీద రాసిస్తారా? మూడోదానికి నసిగితే లేచి వచ్చేయండి.

ఎక్కువమంది దెబ్బతినేది కెంపు దగ్గరే. రంగు తేలడానికి రాయిని వేడి చేయడం పాత పద్ధతే. ఆ రంగు నిలుస్తుంది కాబట్టి చెప్పి అమ్మితే తప్పేం లేదు. గాజు నింపడం అలా కాదు. పగుళ్లున్న నాసిరకం రాయిలోకి సీసం కలిసిన గాజును కరిగించి ఎక్కిస్తారు. పగుళ్లు మాయమై రాయి తళతళలాడుతుంది. పది రెట్ల లెన్స్ కంటికి ఆనించి, రాయిని అంగుళం దూరంలో పట్టుకుని లైటు కింద మెల్లగా తిప్పండి. పగులు వెంట నీలం మెరుపు కొట్టి, కోణం మారగానే నారింజ కనిపిస్తే, లోపల బుడగలు కూడా ఉంటే అది గాజే. ఇలాంటి రాయి కంసాలి మంటకీ యాసిడ్‌కీ తట్టుకోదు. గాజు కరిగిపోయి పగుళ్లు తెల్లగా బయటపడతాయి. అప్పుడు తిట్లు తినేది కంసాలి!

"నాయనమ్మ నాటి కెంపు, అసలుదే అయ్యుంటుంది" అన్న మాటనూ నమ్మక్కర్లేదు. మంటలో పొడి కరిగించి కెంపు తయారుచేసే వెర్నూయి పద్ధతి 1902 నుంచే లోకానికి తెలుసు. అలాంటి రాయిలో లెన్స్ కింద వంపు గీతలు కనిపిస్తాయి. గని రాయిలో గీతలుంటే తిన్నగానో, కోణాలు తిరిగో ఉంటాయి.

కనకపుష్యరాగం (ఎల్లో సఫైర్) పేరుతో సిట్రిన్ అనే చవక పసుపు రాయి అంటగట్టారేమో ఇంట్లోనే చూసుకోవచ్చు. 0.01 గ్రాము దాకా చూపే చిన్న కాటా చాలు. ముందు రాయిని విడిగా తూచండి. తర్వాత కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేసి, సన్నని దారానికి కట్టిన రాయిని అడుగుకీ అంచుకీ తగలకుండా నీళ్లలో పూర్తిగా ముంచండి. రాయికి బుడగలు అంటుకుంటే విదిలించండి. మొదటి బరువును ఇప్పుడు కనిపించే అంకెతో భాగిస్తే పుష్యరాగానికి 4 దగ్గర్లో, సిట్రిన్‌కు 2.65 దగ్గర్లో వస్తుంది. అంటే ఐదు క్యారెట్ల, సరిగ్గా ఒక గ్రాము పుష్యరాగానికి కాటా 0.25 చూపాలి. సిట్రిన్ అయితే 0.38. టోపాజ్ అనే మరో రాయికి 0.28 వస్తుంది కాబట్టి ఈ కాటాతో దాన్ని గట్టిగా విడదీయలేం. ల్యాబులో చేసిన పుష్యరాగానికీ అదే 0.25 వస్తుంది. ఆ తేడా తేల్చాల్సింది ల్యాబే.

గోమేధికాన్ని లెన్స్‌లో చూస్తే లోపల బెల్లం పాకం కదిలినట్టు మసక తిరుగుళ్లు కనిపించాలి. మరీ తేటగా ఉంటే అనుమానించండి. పచ్చలకు పగుళ్లలో నూనె పట్టించడం మామూలే. ఎంత పట్టించారన్నదే ధర తేలుస్తుంది. ఆ రాయిని అల్ట్రాసోనిక్ మెషిన్లో కడగనివ్వకండి. వైడూర్యాన్ని పక్కనుంచి చూసినప్పుడు తేనెపట్టు గళ్లు కనిపిస్తే అది ఫైబర్ గాజు.

రంగును షాపు స్పాట్‌లైట్ల కింద తేల్చకండి, పగటిపూట గుమ్మం దగ్గర నీడలోకి తెచ్చి చూడండి. రాళ్లు తూచే పాత తూకం రత్తి. దాని లెక్క కొందరికి సుమారు 120 మిల్లీగ్రాములు, కొందరికి 180. కాబట్టి బరువు క్యారెట్లలోనే రాయించుకోండి. క్యారెట్ ఎక్కడైనా 200 మిల్లీగ్రాములే. రాయిని పక్కనుంచి కూడా చూడండి. కింద పొట్ట లావుగా ఉంటే, పైకి కనిపించని బరువుకీ క్యారెట్ రేటు కట్టాల్సి వస్తుంది.

జీఐఏ, ఐజీఐ లాంటి ల్యాబు రిపోర్టు ఇస్తే నంబరును ఆ ల్యాబు వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. బరువు, మిల్లీమీటర్ల కొలతలు మీ చేతిలోని రాయితో సరిపోవాలి. "నేచురల్" అన్న మాట దగ్గరే ఆగిపోకుండా ట్రీట్‌మెంట్, కామెంట్స్ గడులు చదవండి. గాజు సంగతి ఉండేది అక్కడే.

టెస్టులో తేడా వస్తే పూర్తి డబ్బు వాపసు అన్న మాట, గడువు తేదీతో సహా బిల్లులో ఉండాలి. అదంతా రాయి విడిగా ఉండగానే తేల్చుకోండి. ఉంగరంలో బిగించాక కింద రంగు రేకు పెట్టినా కనిపించదు, బరువు కూడా ల్యాబు అంచనాగానే రాస్తుంది.