నడుంలో యంత్రంతో అలిపిరి మెట్లు

ఈ మొక్కు నాది కాదు, మా అమ్మది. నా కాలి మంట తగ్గితే అలిపిరి నుంచి కొండకు నన్ను నడిపిస్తాననీ, మెట్టు మెట్టుకీ పసుపు కుంకుమ పెట్టిస్తాననీ మొక్కుకుంది. అప్పటికి నేను మంచం దిగి బాత్రూమ్‌దాకా వెళ్ళాలంటే గోడ పట్టుకోవాలి. నడుము దగ్గర ఎల్ 4, ఎల్ 5 అనే వెన్నుపూసల మధ్య డిస్కు జారితే ఆపరేషన్ చేశారు. నడుము కొంత కుదుటపడింది గానీ ఎడమ పిక్క నుంచి బొటనవేలి దాకా మంట పోలేదు. మళ్ళీ తెరిచారు. ఆ తర్వాత తీసిన స్కాన్లలో నరం మీద ఒత్తిడేమీ కనబడలేదు. మంట మాత్రం అలాగే ఉంది, రాత్రయితే కాలిన అట్లకాడ తెచ్చి పాదానికి ఆనించినట్టు.

"స్కాన్‌లో ఏం లేదంటున్నారుగా" అని చుట్టాలు అనేవాళ్ళు. దీర్ఘకాలపు నొప్పితో బతికేవాళ్ళకు నొప్పి కంటే ఎక్కువ బాధపెట్టే మాట ఇదేనని నా నమ్మకం. దెబ్బతిన్న నరం, కారణం తొలగిపోయాక కూడా తనంతట తానే నొప్పి సంకేతాలు పంపుతూ ఉండగలదు. వెన్ను ఆపరేషన్ తర్వాత ఇలా మిగిలిపోయే నొప్పికి వైద్యంలో ఓ పేరే ఉంది. ఆ పేరు విన్న రోజు నాకు ఏడుపొచ్చింది. నా నొప్పి నేను కల్పించుకున్నది కాదని ఒక డాక్టరు నోటి నుంచి విన్న మొదటి రోజది.

వెన్నుపాముకు సన్నగా కరెంటు అందించే స్పైనల్ కార్డ్ స్టిమ్యులేటర్ అనే యంత్రం గురించి ఆయనే చెప్పారు. సన్నటి తీగల్ని వెన్నెముక లోపల, వెన్నుపామును కప్పి ఉండే పొరకు బయటివైపు పెడతారు. నడుము, కాళ్ళ నొప్పికైతే వీపు మధ్య భాగంలో, ఛాతీ వెనకాల ఉండే చివరి పూసల దగ్గర. తీగల కొసన ఎలక్ట్రోడ్లుంటాయి. అవి పంపే చిన్నపాటి విద్యుత్తు నొప్పి సంకేతం మెదడుకు చేరే తీరును మారుస్తుంది. బ్యాటరీ ఉన్న పెట్టెను పిరుదుకు పైన చర్మం కింద అమరుస్తారు. ఇదంతా ఒకేసారి చెయ్యరు. ముందు ట్రయల్ ఉంటుంది. సూది ద్వారా తీగలు లోపలికి పెట్టి, బ్యాటరీని బయటే నడుముకు కట్టి, వారం రోజుల వరకూ ఇంటికి పంపుతారు. నొప్పి కనీసం సగం తగ్గితేనే శాశ్వతంగా పెట్టే మాట. ట్రయల్ మొదలైన రాత్రి నేను తెల్లారేదాకా నిద్రపోయాను. మా ఆయన మధ్యలో లేచి, ఊపిరి ఆడుతోందా లేదా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూశారట.

శాశ్వతంగా పెట్టాక ఆరేడు వారాలు వంగకూడదు, నడుం తిప్పకూడదు, బరువెత్తకూడదు. తీగలు పెట్టిన చోటే కుదురుకునేదాకా ఈ జాగ్రత్త. అవి కాస్త పక్కకు జరిగినా కాలికి అందాల్సిన ఉపశమనం కడుపు మీదికో పక్కటెముకల మీదికో పోతుంది. ఆ గడువు దాటి, ఇంటి మేడ మెట్లు, ఆపైన తెనాలి కాలవగట్టు మీద నడక అలవాటు చేసుకున్నాకే డాక్టరుగారిని కొండ గురించి అడిగాను. "ఎక్కండి. మధ్యలో ఆగుతూ వెళ్ళండి. మెట్టు మెట్టుకీ వంగడం మాత్రం వద్దు" అన్నారు.

మొక్కులో సగం అక్కడే ఆగిపోయింది. అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "బొట్టు నీ చేత్తోనే పెట్టాలని మొక్కలేదే తల్లీ. పెట్టిస్తానని మొక్కాను. మీ వదిన పెడుతుంది. నువ్వు ఎక్కు, చాలు" అంది.

అలా వదిన, మేనకోడలు, నేను ముందురోజే తిరుపతి చేరాం. నా బ్యాటరీ రీచార్జ్ చేసుకునే రకం. చార్జరు తీగచుట్ట (కాయిల్) ఉన్న బెల్టును నడుముకు కట్టుకుంటే చర్మం పైనుంచే లోపలి పెట్టెకు చార్జింగ్ ఎక్కుతుంది. చుట్ట సరిగ్గా పెట్టెకు ఎదురుగా ఉండాలి, కాస్త జరిగినా బీప్‌మంటుంది. చర్మం వెచ్చబడుతుంది. ఆ రాత్రి లాడ్జి గదిలో బెల్టు కట్టుకుని కదలకుండా కూర్చున్నాను. ఎదురుగా వదిన పసుపు, కుంకుమ, కర్పూరం పొట్లాలు కడుతోంది. ఆమె పని ఆమెది, నా పని నాది, రెండూ రేపటి కొండ కోసమే.

తెల్లవారుజామున అలిపిరి. సామాను కింద అప్పగిస్తే పైకి చేరుస్తారు కాబట్టి చేతిసంచీ తప్ప ఏమీ మొయ్యక్కర్లేదు. పాదాల మండపంలో స్వామి పాదుకల్ని నెత్తిన పెట్టుకుని ప్రదక్షిణ చేస్తున్నారు జనం. నేను చేతులు జోడించి నిలబడ్డాను. మెట్లు మొదలయ్యాక తలయేరు గుండు వస్తుంది. ఆ బండకు తల, మోకాళ్ళు ఆనించి మొక్కితే ఎక్కేటప్పుడు తలనొప్పీ, కాళ్ళనొప్పులూ రావని నమ్మకం. తరతరాలుగా ఆనించీ ఆనించీ రాతి మీద గుంటలు పడ్డాయి. ఎంతమంది నొప్పులు ఆ రాయికి తెలుసో! చాలాసేపు అక్కడే నిలబడ్డాను. వంగి మోకాళ్ళు ఆనించలేను కాబట్టి నుదురు మాత్రం ఆనించాను. రాయి చల్లగా ఉంది. ఆ గుంటలు చేసినవాళ్ళలో ఎవరినీ ఎవరూ "స్కాన్ తీయించావా" అని అడిగి ఉండరు. నొప్పి ఉందంటే ఉన్నట్టే.

అలిపిరి దారిలో మొత్తం 3,550 మెట్లు. గాలిగోపురం దాకానే అసలు ఎక్కుడు. వదిన ప్రతి మెట్టుకీ వంగి పసుపు రాసి కుంకుమ పెడుతోంది. మేనకోడలు అక్కడక్కడా కర్పూరం వెలిగిస్తోంది. నేను కుంకుమ భరిణె పట్టుకుని, ఓ చెయ్యి రైలింగ్ మీద వేసి, వాళ్ళ వెనకాలే ఒక్కో మెట్టు. వదిన నడుమూ పట్టేసి ఉంటుంది, ఆమెకూ యాభై దాటాయి. "కాసేపు అమ్మాయికి ఇవ్వు వదినా" అంటే, "మీ అమ్మకు మాటిచ్చాను" అంది. ఆడబిడ్డ కోసం అన్ని మెట్లకు వంగే వదిన ఎంతమందికి ఉంటుంది!

నా యంత్రంలో డాక్టర్లు పెట్టిన ప్రోగ్రాములు కొన్ని ఉన్నాయి, కూర్చున్నప్పటికి ఒకటి, నడకకు ఒకటి. రిమోట్‌తో మార్చుకోవచ్చు, హెచ్చుతగ్గులు చేసుకోవచ్చు. ఆన్‌లో ఉన్నంతసేపూ కాలంతా సన్నగా జివ్వుమంటూ ఉంటుంది, ఆ జివ్వుమనడంలో మంట అణిగిపోతుంది. జివ్వుమనకుండా ఎక్కువ ఫ్రీక్వెన్సీతో పనిచేసే రకాలూ వచ్చాయి, నాది మాత్రం పాత పద్ధతిదే. ఎక్కేటప్పుడు ఓచోట పాదంలో మంట తలెత్తింది. చలివేంద్రం దగ్గర కూర్చుని రెండు పాయింట్లు పెంచుకుని, మజ్జిగ తాగి లేచాను.

"అత్తా, అసలు కరెంటుతో నొప్పి ఎలా తగ్గుతుంది?" అని మేనకోడలు అక్కడే అడిగింది. మోకాలు గడపకు కొట్టుకుంటే గబగబా చేత్తో రుద్దుకుంటాం కదా, నొప్పి కాస్త తగ్గుతుంది కదా, అక్కణ్ణించి మొదలుపెట్టాను. స్పర్శను మోసే నరాలు చురుగ్గా ఉంటే, వెన్నుపాములో నొప్పి సంకేతం దాటే ద్వారం కొంత మూసుకుంటుందని 1965లో రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ ప్రతిపాదించారు. రెండేళ్ళకే, 1967లో, అమెరికాలో నార్మన్ షీలీ అనే న్యూరోసర్జన్ క్యాన్సర్ నొప్పితో ఉన్న ఓ రోగికి వెన్నుపాము దగ్గర మొదటిసారి ఎలక్ట్రోడ్ పెట్టాడు. ఆ ద్వారం ఒక్కటే కాదు, ఇంకా చాలా జరుగుతుందని తర్వాతి పరిశోధనలు చెబుతున్నాయి. పిల్ల శ్రద్ధగా విని, "అంటే నీ కాలు బాగవలేదా అత్తా?" అంది. బాగవలేదు. నరం దెబ్బ అలాగే ఉంది. యంత్రం ఆపేస్తే మంట మళ్ళీ వస్తుంది. నాకు దొరికింది సగం పైగా తగ్గిన నొప్పి. మిగిలిన దాన్ని వెంటబెట్టుకునే వంట చేస్తాను, బడికెళ్ళి పాఠం చెబుతాను, ఆ రోజు కొండా ఎక్కాను.

గాలిగోపురం చేరేసరికి బాగా ఎండెక్కింది. అక్కణ్ణించి దారి చాలామేర చదునే. జింకల పార్కు దగ్గర పిల్లలు కంచె పట్టుకుని వేలాడుతున్నారు. నడుము బిగిసింది, అది మామూలు అలసటే. నరం మంటకూ కండరం నొప్పికీ తేడా నాలాంటివాళ్ళకు ఇట్టే తెలుస్తుంది. కండరం నొప్పి వచ్చినందుకు నిజంగా సంతోషించాను, నడిచిన మనిషికి వచ్చే నొప్పి కదా అది. మోకాళ్ళ పర్వతం దగ్గర మెట్లు మళ్ళీ నిటారుగా లేస్తాయి. రామానుజాచార్యులు ఆ చోటును కాలితో తొక్కకుండా మోకాళ్ళతో ఎక్కారని చెబుతారు. అక్కడ కొందరు మోకాళ్ళ మీదే ఎక్కుతున్నారు. నేను ప్రతి పది మెట్లకూ ఆగాను. వదిన చివరి మెట్టుకు బొట్టు పెట్టి, నిటారుగా లేవలేక నా భుజం పట్టుకుంది. ఆ దారి పొడుగునా ఒకరి బరువు నేను మోసింది అప్పుడే.

పైన గదిలో దిగాక, పక్క గది పెద్దావిడ నా నడక చూసి, "కరెంటు పెట్టించుకో అమ్మా, మా ఊళ్ళో ఫిజియోథెరపీలో పెడతారు, హాయిగా ఉంటుంది" అంది. ప్రేమగానే చెప్పింది. కానీ ఫిజియోథెరపీలో కరెంటుతో ఇచ్చే డయాథెర్మీ అనే వేడి వైద్యం నాలాంటివాళ్ళకు ప్రాణాంతకం కావచ్చు. ఆ శక్తి తీగల గుండా లోపలికి పోయి ఎలక్ట్రోడ్ల దగ్గర కణజాలాన్ని కాల్చెయ్యగలదు. ఈ యంత్రం ఉన్నవాళ్ళు ఫిజియోథెరపీకి వెళ్ళినా, పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళినా, స్కానింగ్‌కు వెళ్ళినా ముందే చెప్పాలి. స్పృహ లేని స్థితిలో ఎవరైనా తీసుకెళ్తే చెప్పేదెవరు? అందుకే ఒంట్లో ఈ యంత్రం ఉందని తెలిపే కార్డు ఎప్పుడూ నా పర్సులోనే. దాంతోపాటు డాక్టరుగారితో తెలుగులో ఓ చీటీ కూడా రాయించుకున్నాను.

ఆ చీటీ దర్శనం క్యూలో అక్కరకొచ్చింది. మెటల్ డిటెక్టర్ గేటు అయస్కాంత క్షేత్రం యంత్రాన్ని తాకితే ఒక్కసారిగా కరెంటు ఎక్కువైనట్టు ఝల్లుమనవచ్చు, సెట్టింగు మారవచ్చు. తప్పనిసరై వెళ్ళాల్సొస్తే ఆపేసి, గేటు మధ్య నుంచి ఆగకుండా దాటాలి. చేత్తో పట్టుకునే డిటెక్టర్‌ను యంత్రం మీద ఉంచనివ్వకూడదు. ఆలయంలోకి ఫోన్లూ ఎలక్ట్రానిక్ వస్తువులూ నిషేధం కాబట్టి ఫోన్‌లా కనిపించే నా రిమోట్‌ను గదిలోనే పెట్టి, తక్కువ ప్రోగ్రాములో ఉంచుకుని బయల్దేరాను. రిమోట్ లేకుండా ఆపుకునే వీలుండదు. చీటీ చదివిన మహిళా గార్డు, "మీరు ఇటు రండమ్మా" అని గేటు పక్కకు తీసుకెళ్ళి చేత్తోనే తనిఖీ చేసింది. పెట్టె ఉన్నచోట తగలకుండా ఎంత జాగ్రత్తపడిందో!

కంపార్టుమెంటులో చాలాసేపు కూర్చోబెట్టారు. చుట్టూ జనం నేల మీద వాలి పడుకున్నారు. నాకూ వెల్లకిలా పడుకోవాలని ఉంది. అలా పడుకుంటే వెన్నుపాము తీగలకు మరింత దగ్గరవుతుంది, అదే కరెంటు మరింత గట్టిగా తెలుస్తుంది. తగ్గించడానికి చేతిలో రిమోట్ లేదు. గోడకు చేరగిలబడి కూర్చున్నాను. వదిన తల నా ఒళ్ళో పెట్టుకుని నిద్రపోయింది.

పక్కన కడప నుంచి వచ్చిన ఓ అమ్మాయి నా కార్డు చూసి, "ఏందక్కా అది?" అని అడిగింది. వాళ్ళాయనకు నడుము ఆపరేషన్ అయ్యి, నొప్పి పోక, ఇదే యంత్రం పెట్టిస్తామన్నారట. లక్షల్లో ఖర్చు. పొలం అమ్మాలా అని దేవుణ్ణి అడగడానికి వచ్చింది. గోవిందనామాల మధ్య ఆమెకు నాకు తెలిసినదంతా చెప్పాను. ట్రయల్ లేకుండా ఒప్పుకోవద్దని, ట్రయల్‌లో సగం తగ్గకపోతే పెద్ద ఆపరేషన్‌కు పోవద్దని, ట్రయల్ రోజుల్లో మంచం మీద పడుకోబెట్టకుండా ఆయన మామూలుగా చేసే పనులన్నీ చేయించి చూడమని. బ్యాటరీ ఎన్నేళ్ళొస్తుంది, మార్చాల్సొస్తే ఎంతవుతుంది, తీగ జరిగితే మళ్ళీ ఆపరేషన్ ఖర్చెవరిది, మీ ఊరికి దగ్గర్లో ప్రోగ్రాము సరిచేసేవాళ్ళున్నారా, ఎం.ఆర్.ఐ. తీయడానికి వీలయ్యే రకమేనా, ఇవన్నీ డబ్బు కట్టకముందే అడగమని.

"పూర్తిగా పోతుందా అక్కా?" అంది.

"పోదమ్మా. సగం పోతే నేను కొండెక్కాను."

ఆమె నా అరచేతిలో పెన్నుతో తన నంబరు రాసింది. తలుపులు తెరిచారు. మేనకోడలు నా వెనక చేతులు అడ్డుపెట్టి, తోపులాటలో యంత్రానికి దెబ్బ తగలకుండా కాస్తూ నడిచింది. దర్శనమయ్యాక, చెమటకు నంబరు చెరిగిపోకముందే గదికొచ్చి ఫోన్‌లో ఎక్కించుకున్నాను. ట్రయల్ పెట్టించుకునే వారం రోజూ ఫోన్ చేస్తానని ఆ సాయంత్రమే ఆమెకు చెప్పాను.