ఐడీ కాపీ ఎందుకు అడుగుతామంటే

విదేశాల నుంచి తుపాకులు తెప్పించే ఒక చిన్న సంస్థలో, డాలస్ దగ్గర, నాది కాగితాల పని. పర్మిట్లు, ఇన్‌వాయిస్‌లు, రిజిస్టర్లు. ఫోన్లో ఎక్కువగా వినే మాట ఒకటే: "డబ్బు కట్టేశాను కదా, నా డ్రైవింగ్ లైసెన్సు కాపీ మీకెందుకు?" వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది. ఐడీ కాపీలు ఎక్కడెక్కడికో పోతున్న కాలం ఇది. కానీ జవాబు వివరంగా చెప్పే తీరిక ఫోన్లో దొరకదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అమెరికాలో మామూలు మనిషి బయటి దేశం నుంచి తుపాకీ నేరుగా తెప్పించుకోలేడు. లైసెన్సున్న దిగుమతిదారో డీలరో మధ్యలో ఉండాలి. మేము ముందుగా తుపాకుల వ్యవహారాలు చూసే కేంద్ర సంస్థ ఏటీఎఫ్‌కి ఫారం 6 అనే దిగుమతి దరఖాస్తు పెట్టి అనుమతి తెచ్చుకుంటాం. తయారీదారు, మోడల్, క్యాలిబర్, బ్యారెల్ పొడవు లాంటివాటితో పాటు అందులో ఇంకో గడి ఉంటుంది. ఎందుకు తెస్తున్నారు, మీ కోసం కాకపోతే చివరికి ఎవరి చేతికి వెళ్తుంది అని. ఒక కస్టమర్ కోసం ప్రత్యేకంగా తెప్పిస్తుంటే ఆ గడిలో రాయాల్సింది ఆయన వివరాలే. కింద సంతకం మాది. చూడని మనిషి పేరు మీద, ఏ ఆధారమూ లేకుండా నేను సంతకం పెట్టించలేను.

సరుకు కస్టమ్స్ నుంచి విడుదలయ్యాక 15 రోజుల్లో మా సంస్థ పేరు, ఊరు, రాష్ట్రం తుపాకీ మీద చెక్కించాలి. ఇది ఎందుకో చాలామందికి తెలియదు. ఈ దేశంలో తుపాకులన్నిటికీ కలిపి ఒక కేంద్ర రిజిస్టర్ లేదు, పెట్టకూడదని 1986 చట్టం చెబుతోంది. నేరం జరిగిన చోట తుపాకీ దొరికితే అది ఎవరెవరి చేతులు మారిందో వెతికే ఏటీఎఫ్ ట్రేసింగ్ సెంటర్ (వెస్ట్ వర్జీనియాలోని మార్టిన్స్‌బర్గ్‌లో ఉంది) వాళ్లు మొదట తయారీదారుని అడుగుతారు. తయారీదారు ఇటలీలోనో టర్కీలోనో ఉంటే? అప్పుడు ఈ గడ్డ మీద మొదటి పేరు దిగుమతిదారుదే. అడిగిన 24 గంటల్లో ఎవరికి అమ్మామో చెప్పాలి. అలాంటి ఫోన్ వచ్చినప్పుడు అది ఏ కేసో నాకు తెలియదు. రిజిస్టర్ తీసి ఆ వరుస చదువుతున్నంతసేపూ మాత్రం గుండె బరువుగా ఉంటుంది.

పేరు నిజం కాకపోతే ఏమవుతుందో మా డాలస్‌కి బాగా తెలుసు. 1963 మార్చిలో లీ హార్వే ఓస్వాల్డ్ ఒక పత్రికలో ప్రకటన చూసి, కూపన్ నింపి, మనీ ఆర్డర్‌తో షికాగోలోని క్లైన్స్ దుకాణానికి పంపాడు. టెలిస్కోప్ బిగించిన ఇటలీ సైన్యపు పాత కార్కానో రైఫిల్, తపాలా ఖర్చుతో కలిపి 21 డాలర్ల 45 సెంట్లు. కూపన్ మీద పేరు ఎ. హిడెల్, చిరునామా డాలస్‌లో ఒక పోస్ట్ బాక్స్. నువ్వెవరివి అని అడిగినవాళ్లు లేరు. నవంబర్ 22న ఆ రైఫిల్‌తోనే డాలస్‌లో అధ్యక్షుడు కెన్నెడీ హత్య జరిగాక, దాని మీదున్న సీ2766 అనే నంబరు పట్టుకుని ఎఫ్‌బీఐ న్యూయార్క్ టోకు వ్యాపారి లెక్కల మీదుగా షికాగో వెళ్లి, మర్నాడు తెల్లవారేసరికి ఆ కూపన్ పట్టుకుంది. అంటే నంబరు సరిగ్గా పనిచేసింది, పేరే అబద్ధం. ఆ పోస్ట్ బాక్స్ ఓస్వాల్డ్ తన అసలు పేరుతో తీసుకున్నాడు కాబట్టి, చేతిరాత కలిసింది కాబట్టి ముడి విడింది. 1968 చట్టం రాష్ట్రాలు దాటే ఇలాంటి పోస్టు అమ్మకాలను ఆపేసి, తుపాకుల దిగుమతిని కూడా కట్టడి చేసింది.

మన వాళ్ల సంగతికి వస్తాను. ఆ మధ్య ఒక పెద్దాయన ఇండియాలో ఉన్న తుపాకీ తెప్పించుకోవాలని ఫోన్ చేశారు. "అమ్మా, అది మా నాన్నగారి డబుల్ బ్యారెల్. అమ్మడానికి కాదు, జ్ఞాపకంగా ఉంచుకుందామని." ఆయన గొంతు విని నాకు నాన్న గుర్తొచ్చారు. అయినా వారసత్వంగా వచ్చిందైనా ఇక్కడ ఫారం 6 తప్పదు, అక్కడ ఆయుధాల చట్టం కింద ఎగుమతికీ లైసెన్సు కావాలి. ఆయన ఐడీతో పాటు తండ్రిగారి తుపాకీ లైసెన్సు కాపీ కూడా పంపమని అడిగాను, ఎందుకో ఓపిగ్గా చెప్పాను, ఆయన నొచ్చుకోలేదు.

హెచ్1బీ మీద ఉన్న పిల్లలు అడిగేది వేరు. వలసేతర వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ కొనకూడదు, దగ్గర ఉంచుకోకూడదు. వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు ఉన్నాయి. షూటింగ్ రేంజ్‌లో అద్దెకు తీసుకున్న తుపాకీ కూడా ఈ నిషేధంలోకే వస్తుంది. "సిటిజన్ అయిన మా ఫ్రెండ్ పేరు మీద తీసుకుంటా అక్కా" అనే ఆలోచన ఉంటే మానుకోండి. 2022 చట్టం ప్రకారం అది 15 ఏళ్ల దాకా జైలు పడే నేరం, పేరు అరువిచ్చిన ఫ్రెండ్‌కి కూడా.

మీ వైపు నుంచి కూడా పట్టుబట్టండి. కాపీ ఎక్కడ దాస్తారు, ఎవరు చూస్తారు అని మమ్మల్ని అడగండి. తుపాకీ తీసుకునేటప్పుడు కౌంటర్ దగ్గర నింపే ఫారం 4473లో సోషల్ సెక్యూరిటీ నంబరు ఇవ్వడం మీ ఇష్టం, తప్పనిసరి కాదు. అమెరికా పాస్‌పోర్ట్ ఒక్కటే తేవద్దు, అందులో ఇంటి చిరునామా అచ్చయి ఉండదు. డ్రైవింగ్ లైసెన్సు ఫొటో తీసి వాట్సాప్‌లో ఎవరికి పడితే వాళ్లకి పంపకండి, మా ఆఫీసు వాళ్లు అడిగినా సరే.