తలుపు పక్కన తాళంచెవి

స్కాట్లండ్‌లో హోమ్ కేర్ పని, అంటే ఇళ్లకు వెళ్లి పెద్దవాళ్లను చూసుకునే పని చేయాలంటే రెండు కావాలి. ఒకటి పీవీజీ సభ్యత్వం, అంటే మన నేరచరిత్ర చూసి ఇచ్చే అనుమతి. దీన్ని డిస్‌క్లోజర్ స్కాట్లండ్ అనే ప్రభుత్వ సంస్థ ఇస్తుంది. రెండోది కేర్ పనివాళ్లను నమోదు చేసే సంస్థ ఎస్ఎస్ఎస్‌సీ రిజిస్టర్‌లో మన పేరు. ఇక్కడికి రాకముందు నేను ఇంగ్లండ్‌లో ఇదే పని చేశాను. అక్కడ అడిగింది నేరచరిత్ర తనిఖీ చేసి ఇచ్చే డీబీఎస్ సర్టిఫికెట్ ఒక్కటే. పెద్దవాళ్లను లేపి కూర్చోబెట్టడం, స్నానం చేయించడం, మందులు వేయించడం, చేసినదంతా రాసిపెట్టడం రెండు చోట్లా ఒకటే. ఆ పని చేసే మనిషికి ఇచ్చే గుర్తింపులోనే తేడా.

డీబీఎస్ ఫారంతో మనవాళ్లకు టెన్షన్ పేర్ల దగ్గరే మొదలవుతుంది. టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, పెళ్లయ్యాక కొందరికి అదీ మారుతుంది. ఇప్పటిదాకా వాడిన పేర్లన్నీ, గత 5 ఏళ్లలో ఉన్న చిరునామాలన్నీ మధ్యలో ఖాళీ లేకుండా రాయాలి. హాస్టళ్లు, అద్దె గదులు మారుతూ వచ్చినవాళ్లకు ఇది తేలిక కాదు. పైగా డీబీఎస్ వాళ్లకు మన దేశపు పోలీసు రికార్డులు అందుబాటులో ఉండవు. అందుకే 2025 జూలైలో విదేశాల నుంచి కేర్ వర్కర్ల వీసాలు ఆపేసేదాకా, వీసా దశలోనే పీసీసీ (పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్) అడిగేవారు. గత 10 ఏళ్లలో ఏడాది, అంతకు మించి ఉన్న ప్రతి దేశం నుంచీ తేవాల్సి వచ్చేది. గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవాళ్లకు అదో పెద్ద ప్రయాసగా ఉండేది.

ఇంత అవసరమా అని విసుక్కునేవాళ్లకు నేను ఇంగ్లండ్‌లోని సోహమ్ ఊరి సంగతి చెబుతాను. 2002 ఆగస్టులో అక్కడ పదేళ్ల ఆడపిల్లలు ఇద్దరిని ఒక స్కూలు కేర్‌టేకర్ చంపేశాడు. అంతకుముందు వేరే ప్రాంతంలో అతని మీద లైంగిక ఆరోపణలు పలుమార్లు వచ్చాయి. ఆ సమాచారం ఉద్యోగమిచ్చినవాళ్లకు చేరలేదు. దాని మీద జరిగిన విచారణ తర్వాత 2006లో చట్టం వచ్చింది. ఇప్పుడు డీబీఎస్‌లో లోతుగా చేసే ఎన్‌హాన్స్‌డ్ చెక్‌లో పాత శిక్షలతో పాటు, చెప్పి తీరాలని స్థానిక పోలీసులు అనుకున్న సమాచారం కూడా వస్తుంది. ఈ పని నుంచి నిషేధించినవాళ్ల జాబితా కూడా చూస్తారు.

నేను వెళ్లే ఇళ్లలో చాలావాటికి తలుపు పక్కన గోడకు చిన్న ఇనప పెట్టె ఉంటుంది. నంబరు నొక్కితే తెరుచుకుంటుంది, లోపల తాళంచెవి. ఇంట్లో మంచం దిగలేని పెద్దావిడ. వచ్చిందెవరో ఆవిడ చూసేలోపే నేను గదిలో ఉంటాను. డిమెన్షియా ఉన్నవాళ్లయితే నిన్న తమకేం జరిగిందో చెప్పలేరు కూడా. వాళ్ల పిల్లలు ఎక్కడో వేరే ఊళ్లో ఉంటారు. నన్ను ఎంత తనిఖీ చేసినా నాకు తప్పనిపించదు.

కానీ డీబీఎస్ సర్టిఫికెట్ అచ్చయిన రోజువరకే నిజం చెబుతుంది. అప్‌డేట్ సర్వీసులో చేరితే తర్వాతి సంగతులూ తెలుస్తాయి గానీ, అది మన ఇష్టం. పీవీజీ అలా కాదు, సభ్యత్వం ఉన్నంతకాలం నిఘా నడుస్తూనే ఉంటుంది. 2025 ఏప్రిల్ నుంచి ఈ పనులకు అది చట్టప్రకారం తప్పనిసరి కూడా. ఎస్ఎస్ఎస్‌సీ రిజిస్టర్ ఇంకో మెట్టు పైన. నా పేరుందో లేదో ఎవరైనా వెతికి చూసుకోవచ్చు. నా మీద ఫిర్యాదొస్తే విచారిస్తారు, తీవ్రమైనదైతే పేరు తీసేస్తారు. గడువులోపు తగిన అర్హత కూడా సంపాదించాలి.

వేల్స్‌లో, ఉత్తర ఐర్లండ్‌లో కూడా ఇలాంటి రిజిస్టర్లున్నాయి. ఇంగ్లండ్‌లో కేర్ వర్కర్లకు లేదు. దానివల్ల వీసా మీద వచ్చినవాళ్లకు జరిగే నష్టం నేను కళ్లారా చూశాను. నేను పనిచేసిన చోట ఒక అక్క ఉండేది. వీసా మీద మనుషులను పెట్టుకోవడానికి కంపెనీకుండే స్పాన్సర్ లైసెన్సు పోయింది, వేరే స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి 60 రోజుల గడువిచ్చారు. పని తెలిసిన మనిషే, కానీ ఆ అనుభవమంతా పాత మేనేజర్ రాసే రిఫరెన్స్ మీదే ఆధారపడింది. ఆ మేనేజర్ ఫోనెత్తలేదు. కొత్త కంపెనీ ట్రైనింగంతా మొదటినుంచీ చేయమంది.

నా రిజిస్ట్రేషన్ నా పేరు మీదుంది, కంపెనీ మారినా నాతోనే వస్తుంది. ఏటా ఫీజు జీతంలోంచే కడుతున్నా అది నాకు బరువనిపించదు. ఆ అక్కకు కూడా అలాంటిదొకటి ఉండి ఉంటే, ఆ 60 రోజుల్లో ఒక మేనేజర్ ఫోన్ కోసం ఎదురుచూడాల్సిన పని ఉండేది కాదు. ఇంగ్లండ్‌లో కూడా కేర్ వర్కర్లకు రిజిస్టర్ పెట్టాలి.