డొరోతీ క్యాంప్‌బెల్ ఊళ్ళో ఒక మధ్యాహ్నం

స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో పన్నెండు రోజులు ఉన్నాం. కోట చూశాం, మ్యూజియాలు చూశాం. వాటి గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. నాకు రాయాలనిపించింది ఒక్క మధ్యాహ్నం గురించే.

"ఇంకా ఏం చూస్తావమ్మా?" అని మా అమ్మాయి అడిగితే నార్త్ బెర్విక్ అనే సముద్రతీరపు ఊరు అన్నాను. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో పీఈటీగా పనిచేశాను. ఆడవాళ్ళ ఆటల గురించి ఏం కనిపించినా చదివే అలవాటు. అలా తెలిసిన పేరు డొరోతీ క్యాంప్‌బెల్. 1883లో ఆ ఊళ్ళోనే పుట్టింది. 1909లో బ్రిటిష్ మహిళల అమెచ్యూర్ గోల్ఫ్ టైటిల్, అమెరికా మహిళల అమెచ్యూర్ టైటిల్ రెండూ గెలిచింది. ఒకే ఏడాదిలో ఆ రెండూ గెలిచిన మొదటి మహిళ ఆమే. విమాన ప్రయాణాలు లేని రోజులు, ఓడలో సముద్రం దాటి వెళ్ళి ఆడాలి. 1910లో అమెరికాది మళ్ళీ గెలిచింది, 1911లో బ్రిటిష్‌ది మళ్ళీ గెలిచింది. 1910 నుంచి 1912 దాకా కెనడా టైటిల్ కూడా ఆమెదే.

ఎడిన్‌బరో వేవర్లీ స్టేషన్ నుంచి రైల్లో అరగంట పైచిలుకు. ఇద్దరి టికెట్లకైన డబ్బుతో మా విశాఖ నుంచి విజయవాడకు ఒక మనిషి థర్డ్ ఏసీలో వెళ్ళి రావచ్చు. దిగాక చలికి ఆగలేక ఒక చోట రెండు టీలు, బన్నులాంటి స్కోను ఒకటి తీసుకుంటే 11 పౌండ్లు. ఆ టీలో పాలు విడిగా ఇచ్చారు, అల్లం లేదు, ఏలకులు లేవు. జులై నెలలో స్వెట్టర్ మీద కోటు వేసుకుని కూర్చుని ఆ బిల్లు చూస్తుంటే నిజంగా కోపం వచ్చింది.

సముద్రం దగ్గరికి వెళ్ళేసరికి ఆ కోపం పోయింది. దూరంగా బాస్ రాక్ అనే రాతి దీవి, సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. ఆ తెలుపంతా గానెట్ పక్షులదీ, వాటి రెట్టదీ. పడమటి వైపు ఇసుకను ఆనుకునే వెస్ట్ లింక్స్ గోల్ఫ్ మైదానం. చివరి గ్రీన్, అంటే గుంట ఉండే నున్నటి పచ్చిక, ఊరి వీధికి పక్కనే ఉంటుంది. ఒడ్డు వెంట కుక్కలతో, పిల్లలతో జనం నడుస్తూనే ఉన్నారు, వాళ్ళ పక్కనే ఆట నడుస్తోంది. మా విశాఖలో గోల్ఫ్ కోర్సును నేను ఇన్నేళ్ళూ గోడ బయట నుంచే చూశాను. ఇక్కడ పిల్లలకని వేరే ఒక చిన్న కోర్సు కూడా ఉంది. అందులో పెద్దవాళ్ళు ఆడాలంటే వెంట పిల్లలు ఉండి తీరాలట. అది విన్నాక డొరోతీ ఈ ఊళ్ళోనే ఎందుకు పుట్టిందో అర్థమైనట్టనిపించింది.

ఒక మైలు నడిస్తే పదమూడో హోల్, అంటే పదమూడో గుంట, వస్తుంది. గ్రీన్‌కు అడ్డంగా పాత రాతి గోడ. బంతిని దాని మీదుగా ఎత్తి వేయాలి. ఆ గోడను చూస్తూ నిలబడితే, ఎనభై ఏళ్ళుంటాయేమో, చిన్న బండి మీద కర్రల సంచి లాక్కుంటూ ఒకావిడ వచ్చి మా పక్కన ఆగింది. ఆవిడ యాస నాకు సగమే అందింది, మిగతాది మా అమ్మాయి చెప్పింది. నేను డొరోతీ పేరు ఎత్తగానే ఆవిడ సంచిలోంచి ఒక కర్ర తీసి నా చేతికిచ్చింది.

"పట్టుకోండి."

క్రికెట్ బ్యాట్ పట్టినట్టు పది వేళ్ళూ చుట్టి పట్టుకున్నాను. పాతకాలం వాళ్ళు అలాగే పట్టేవాళ్ళంది. తర్వాత నా కుడి చిటికెన వేలు తీసి, ఎడమ చూపుడు వేలి మీద పెట్టింది. ఆవిడ వేళ్ళు మంచులా ఉన్నాయి. రెండు చేతులూ ఒక్కటైనట్టు కర్ర బిగిసింది. గోల్ఫ్‌లో దీన్ని వార్డన్ గ్రిప్ అంటారు.

ఈ వేలి సంగతి నేను ముందే చదివాను. డొరోతీ 1913లో పెళ్ళి చేసుకుని అమెరికాలో, పిట్స్‌బర్గ్‌లో స్థిరపడింది. 1922లో 19 ఏళ్ళ గ్లెన్నా కాలెట్ అమెరికా చాంపియన్ అయింది. కొత్త పిల్లలు బంతిని దూరం దూరం కొడుతున్నారు. 1923లో డొరోతీ కాపురం విడిపోయింది. అప్పుడు ఆమె చిన్నప్పటి నుంచి అలవాటైన పట్టును వదిలేసి ఈ పట్టుకు మారింది, స్వింగ్‌ను, అంటే కర్ర ఊపే తీరును, మొదటి నుంచి మార్చుకుంది. నేర్పినది జార్జ్ సేయర్స్. ఆయన తండ్రి బెన్ సేయర్స్ ఈ నార్త్ బెర్విక్‌లో ఆమెకు మొదట నేర్పినవాడు. 1924లో, 41 ఏళ్ళ వయసులో, టెన్నిస్ చాంపియన్ మేరీ బ్రౌన్‌ను ఫైనల్లో ఓడించింది. ఇంకా ఆరు హోల్స్ మిగిలుండగానే ఏడు హోల్స్ ఆధిక్యం. 1910 తర్వాత మళ్ళీ అమెరికా టైటిల్.

చదివినప్పుడు అది సమాచారం. చేతిలో కర్ర ఉన్నప్పుడు వేరు. అలవాటైన పట్టు మారితే మొదట ఏ దెబ్బా సరిగా పడదు, పిల్లలకు నేర్పినదాన్ని, నాకు తెలుసు. నలభై ఏళ్ళకు ఆ చెడ్డ రోజులన్నీ ఆమె ఓర్చుకుందంటే నా కళ్ళు చెమర్చాయి. గాలికి అనుకుని ఆవిడ రుమాలు ఇచ్చింది.

తిరుగు ప్రయాణం బస్సులో. గలెన్ ఊరి మీదుగా వస్తుంటే మా అమ్మాయి మ్యూర్‌ఫీల్డ్ గోల్ఫ్ క్లబ్బు అటేనని చూపించింది. ఆ క్లబ్బు ఆడవాళ్ళను సభ్యులుగా చేర్చుకోవడానికి 2017లో గానీ ఒప్పుకోలేదు. డొరోతీ పుట్టిన ఊరికి కూతవేటు దూరం. 2022లో మహిళల ఓపెన్ గోల్ఫ్ పోటీ అక్కడే జరిగింది. ఆ రోజు ఆమె ఉంటే బాగుండునని బస్సు దిగేదాకా అనుకుంటూనే ఉన్నాను.

రాత్రి తెనాలికి ఫోన్ చేశాను. కాలేజీలో మా బాల్ బ్యాడ్మింటన్ ఫైవ్స్ టీంలో నా పక్కన ఆడిన స్నేహితురాలు. నా పెళ్ళి, ఆమె పెళ్ళి ఒకే ఏడాది అయ్యాయి, ఆట ఆ ఏడాదే ఆగింది.

"ఏమే, రాకెట్ ఉందా ఇంకా?"

"అటక మీదుంది. గట్ మొత్తం ఎలుకలు కొరికేశాయి. ఎందుకే?"

కొత్త గట్ ఎక్కడ వేస్తారో కనుక్కోమన్నాను. నేను ఇరవై ఆరున వస్తున్నాను.