తుంగభద్రకు రెండు గట్లు

2020లో మా ఇంట్లో అనుకున్న యాత్రలన్నీ వరుసగా రద్దయ్యాక చివరికి జరిగింది ఒక్కటే, తుంగభద్ర పుష్కర స్నానం. అదీ మేము అనుకున్న ఊళ్ళో కాదు. అమ్మ పుట్టిల్లు కర్నూలు. నాన్నగారు ఉద్యోగం చేసి పదవీ విరమణ పొందింది కూడా అక్కడే కాబట్టి, 2008 డిసెంబరులో వచ్చిన గత పుష్కరాలకు ఇంటిల్లిపాదీ కర్నూలు ఘాట్లలోనే మునిగాము. ఈసారి అదే నదిలో, నాన్నగారు లేకుండా, ఆయనకే పిండం పెట్టడానికి, హైదరాబాదు నుంచి తెలంగాణ వైపు గట్టున ఉన్న అలంపురం వెళ్ళవలసి వచ్చింది.

నిజానికి ఆ ఏడాది అమ్మ చేసుకున్న సంకల్పం కాశీ. ఏప్రిల్‌లో దానాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళి, అక్కడ తొమ్మిది రాత్రులు నిద్ర చేసి రావాలని ఆమె నాన్నగారి సంవత్సరీకాల నాటి నుంచీ అనుకుంటూ ఉంది. మార్చి 22న జనతా కర్ఫ్యూ రోజునే ప్రయాణికుల రైళ్ళు నిలిపివేస్తున్నట్లు ప్రకటన వచ్చింది, 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. టికెట్ల డబ్బు వెనక్కి వచ్చింది గాని, అమ్మ సర్దుకున్న పెట్టె మాత్రం చాలాకాలం అలాగే మంచం కింద ఉండిపోయింది. ఏప్రిల్ 2న భద్రాచలంలో సీతారాముల కళ్యాణం భక్తులు లేకుండానే జరిగింది, దాన్ని టీవీలో చూస్తూ అమ్మ ఇంట్లోనే అక్షతలు వేసింది. తిరుమలలో మార్చి 20న ఆపిన దర్శనాలు జూన్‌లో మళ్ళీ మొదలైనా, అరవై అయిదేళ్ళు దాటినవారూ పదేళ్ళలోపు పిల్లలూ గుళ్ళకు రావద్దని కేంద్రం చెప్పిన మార్గదర్శకాల వల్ల అరవై ఎనిమిదేళ్ళ అమ్మకూ, ఎనిమిదేళ్ళ మా అమ్మాయికీ ఆ దారి కూడా మూసుకుపోయింది. తిరుమల నుంచి ప్రసారమయ్యే సుందరకాండ పారాయణమే ఆ నెలల్లో మా ఇంటికి పొద్దూ మాపూ తెలిపేది.

కాశీ ఎక్కడికీ పోదు, వచ్చే ఏడాది వెళ్ళవచ్చునని అమ్మకు నచ్చజెప్పగలిగాను. పుష్కరం సంగతి అలా కాదు. బృహస్పతి ఒక్కొక్క రాశిలో ప్రవేశించినప్పుడు ఒక్కొక్క నదికి పుష్కరం వస్తుంది. సింహరాశి అయితే గోదావరి, కన్య అయితే కృష్ణ, మకరం అయితే తుంగభద్ర. ఆ ప్రవేశం 2020 నవంబరు 20 మధ్యాహ్నం 1:21 గంటలకని పంచాంగాలు చెప్పాయి. డిసెంబరు 1తో పన్నెండు రోజులు ముగుస్తాయి, తప్పిపోతే మళ్ళీ 2032 దాకా లేదు. గ్రహం కదలికను వాయిదా వేయించగల అధికారి ఎవరూ లేరు గనుక ప్రభుత్వాలు రెండూ ఏదో ఒక ఏర్పాటు చేయక తప్పలేదు. ఆ ఏర్పాట్లు మాత్రం ఒకదానికొకటి పొసగలేదు. ఆంధ్రప్రదేశ్ వైపు ఘాట్లలో నదిలో దిగి స్నానం చేయడానికి అనుమతి లేదన్నారు, పిండప్రదానాల వంటి కర్మలకు ముందుగా ఆన్‌లైన్‌లో టికెట్ తీసుకుని చెప్పిన సమయానికి రావాలన్నారు. తెలంగాణ వైపు జ్వరం, దగ్గు లేనివారు జాగ్రత్తలు పాటిస్తూ మునగవచ్చునన్నారు.

ఇది విని కర్నూలులో ఉన్న మా మేనమామ ఫోన్ చేసి, "అల్లుడూ, నది ఒకటే గదా, మీ గట్టున లేని కరోనా మా గట్టున ఉందా?" అని వాదన పెట్టుకున్నాడు. ఆయన కోపం నాకు అర్థమైంది గాని, కర్నూలు విషయంలో ఆ జాగ్రత్త అతి అని నేను అనలేను. ఏప్రిల్‌లో రాష్ట్రంలోకెల్లా ఎక్కువ కేసులు వచ్చిన జిల్లాల్లో అది ఒకటి, మా బంధువుల వీధి కూడా వారాల తరబడి కట్టెలు అడ్డం కట్టిన రెడ్‌జోన్‌లోనే ఉంది. పుష్కరం నాటి జనసమ్మర్దాన్ని 2015లో గోదావరి దగ్గరా, 2016లో కృష్ణ దగ్గరా చూసినవారెవరైనా ఘాట్ల మీద ఆంక్షలు పెట్టే అధికారి కంగారును కొంతైనా క్షమిస్తారు. రెండు రాష్ట్రాల ఆర్టీసీల మధ్య ఒప్పందం కుదిరి బస్సులు తిరగడం మొదలై అప్పటికి మూడు వారాలు కూడా కాలేదు.

కార్తిక పౌర్ణమి రద్దీకి ముందే వెళ్ళాలని ఒక పనిదినం చూసుకుని, అమ్మాయినీ మా ఆవిడనూ ఇంట్లోనే ఉంచి, అమ్మా నేనూ తెల్లవారుజామున కారులో బయలుదేరాము. జడ్చర్ల, కొత్తకోట దాటి బీచుపల్లి దగ్గర కృష్ణ మీది వంతెన ఎక్కేసరికి ఎండ పొడిచింది. అమ్మ అద్దం దించి నాణెం వేసి, ఒడ్డున ఉన్న ఆంజనేయస్వామికి కారులోంచే దండం పెట్టింది. కర్నూలుకు ఈ దారిన ఇన్నేళ్ళుగా వస్తూ పోతూ అలంపురం చౌరస్తా బోర్డును దాటిపోవడమే గాని, పండగో పెళ్ళో అన్న తొందరలో ఎడమకు తిరిగిన గుర్తు నాకు లేదు. "అలంపురే జోగుళాంబా, శ్రీశైలే భ్రమరాంబికా" అని అష్టాదశ పీఠాల శ్లోకాన్ని రోజూ చదివే అమ్మ కూడా ఎప్పుడో పెళ్ళికి ముందు ఒకసారి వచ్చిందట.

ఘాటుకు వెళ్ళే దారిలో చేతికి తుపాకీ లాంటి థర్మామీటరు పట్టుకున్న ఒక కుర్రాడు అందరినీ ఆపి నుదుటి వేడి చూస్తున్నాడు. అమ్మను చూసి, "అమ్మా, వయసెంత?" అని అడిగాడు. అమ్మ ఏమాత్రం తడబడకుండా "అరవై నాలుగు నాయనా" అంది. అతను నా వైపు చూశాడు. నేను కాదనలేదు, అతనూ రెట్టించలేదు. నాన్నగారి వయసును ఏనాడూ ఒక్క నెల కూడా తప్పు చెప్పనివ్వని మనిషి నోట ఆ మాట వినడం నాకు కొత్త.

గట్టు మీద పురోహితులు దూరదూరంగా గీసిన వృత్తాలలో కూర్చున్నారు. మాకు దొరికిన ఆయన నడివయసువాడు, నోటికి ఎర్రటి గుడ్డ మాస్కు. శార్వరి నామ సంవత్సరం, దక్షిణాయనం, శరదృతువు, కార్తిక మాసం అని సంకల్పం మొదలుపెట్టేసరికి మాస్కు వెనుక నుంచి మాట సగమే వినిపించి, నాన్నగారి గోత్రం రెండుసార్లు చెప్పించుకోవలసి వచ్చింది. ఆచమనానికి మాస్కు దించాలి, మంత్రానికి పెట్టుకోవాలి, ప్రాణాయామానికి మళ్ళీ దించాలి. జంధ్యం అపసవ్యం చేసుకున్నప్పుడు దాని తాడు మాస్కు తాడుతో మెలిపడిపోతే, ఆయనే చేయి చాచబోయి, దూరం గుర్తొచ్చి ఆగిపోయి, "మీరే తీసుకోండి బాబూ" అన్నాడు. వసు, రుద్ర, ఆదిత్య రూపులైన మూడు తరాలకు నువ్వులు కలిపిన పిండాలు పెట్టి, నీళ్ళలో వదిలి, మూడు మునకలు వేశాను. అమ్మ నా చేయి పట్టుకుని మెట్లు దిగింది, నేను చెంబుతో తల మీద పోస్తాననేలోపే మోకాళ్ళు వంచి మునిగింది. నీళ్ళు చల్లగా, కాస్త మట్టిరంగుగా ఉన్నాయి.

దక్షిణ ఇచ్చేటప్పుడు పురోహితుడు పళ్ళెం పక్కన నిలబెట్టిన క్యూఆర్ కోడ్ చూపించాడు. నోట్లు ముట్టుకోవడానికి ఆయనకూ భయమే. ఫిబ్రవరిలో మహాశివరాత్రి తరువాత తనకు చెప్పుకోదగ్గ రాబడి లేదనీ, పెళ్ళిళ్ళు యాభై మందికి కుదించుకుపోయి గృహప్రవేశాలు వీడియోల్లో జరిగాయనీ, పన్నెండేళ్ళకొకసారి వచ్చే ఈ పన్నెండు రోజుల మీదే ఇంటి బాకీలన్నీ పెట్టుకున్నాననీ చెప్పాడు. యాత్రలు రద్దయ్యాయని మేము నెలల తరబడి ఇంట్లో కూర్చుని బాధపడ్డామే గాని, ఆ యాత్రల మీద బతికే గట్టు మీది మనుషుల గురించి మా ఇంట్లో ఒక్కరం కూడా మాట్లాడుకున్నట్టు లేదు.

ఆ తరువాత గుళ్ళు. బాదామి చాళుక్యుల కాలంలో, ఏడు ఎనిమిది శతాబ్దాలలో కట్టిన నవబ్రహ్మ ఆలయాలు పేరుకు బ్రహ్మలైనా అన్నీ శివాలయాలే. ప్రధానంగా పూజలు జరిగేది బాలబ్రహ్మేశ్వరుడికి. జోగుళాంబ అమ్మవారు కూడా పాత గుడి పోయాక శతాబ్దాల పాటు ఆ ఆలయంలోనే ఒక మూల కొలువుండి, 2005లో కొత్త గుడి కట్టాక అందులోకి వెళ్ళింది. జటలో బల్లి, తేలు, గబ్బిలం, కపాలం ధరించిన ఆ ఉగ్రరూపం ముందు మామూలు పుష్కరాలలో అయితే క్షణం నిలవనిచ్చేవారు కాదు. ఆ రోజు దూరం పాటించే వరుసలో ఒక్కొక్కరే వెళ్తున్నందువల్ల అమ్మ లలితా నామాలు కొన్ని చదువుకునేంతసేపు నిలబడగలిగింది. శ్రీశైలం జలాశయంలో మునిగిపోకుండా కూడవెల్లి నుంచి రాయి రాయీ విప్పి తెచ్చి ఇక్కడ మళ్ళీ కట్టిన సంగమేశ్వరాలయం కూడా చూద్దామనుకున్నాము గాని, అమ్మ మోకాళ్ళు ఒప్పుకోలేదు.

మధ్యాహ్నానికి మా మేనమామ తన కొడుకు మోటారు సైకిలు వెనుక కూర్చుని, వంతెన దాటి మా గట్టుకే వచ్చాడు. మళ్ళీ ఘాటుకు వెళ్ళి ఆయనా మునిగాడు. అయినా ముందే తీసుకున్న టికెట్ వృథా చేయడం ఇష్టం లేక మరునాడు కర్నూలు సంకల్‌బాగ్ ఘాటులో తాతగారికి పిండం పెట్టి, తల మీద నీళ్ళు చల్లుకుని, రాత్రికి ఫోన్ చేశాడు. జనం పలచగా ఉన్నారట, పురోహితుడు నిదానంగా మూడు తరాల పేర్లూ చెప్పించాడట, ఎన్ని పుష్కరాలు చూసినా ఇంత ప్రశాంతంగా పితృకార్యం ఎప్పుడూ జరగలేదట. ముందువారం నాతో పెట్టుకున్న వాదన ఆయనకు గుర్తున్నట్టు లేదు.

అమ్మ ఫోన్ అందుకుని, "2032కి నాకు ఎనభై, నీకు డెబ్బై ఎనిమిది. అప్పుడు మాత్రం మన ఊళ్ళోనే మునుగుదాం, ఏట్లో నీళ్ళుంటే" అంది.

"ఎనభై ఎట్లయితాయక్కా, అలంపురం లెక్కన నీకు డెబ్బై ఆరే గదా" అన్నాడాయన.