మూడు సెంట్ల మొక్కజొన్న, కత్తెర పురుగు: 45 రోజుల లెక్క

చంద్రగిరి దగ్గర మాకున్న మూడు సెంట్లలో సంక్రాంతి వెళ్లిన వారానికి మొక్కజొన్న విత్తాను. వరుసల మధ్య 60 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 20. దాదాపు 1000 మొక్కలు నిలిచాయి. మధ్యమధ్యలో అలసంద వేశాను.

11వ రోజు: లేత ఆకుల మీద తెల్లని మచ్చలు కనిపించాయి. ఎవరో పచ్చదనం గీకేసి పలుచని పొర మిగిల్చినట్టు ఉన్నాయి. పోషక లోపమనుకుని వదిలేశాను. అప్పుడే గుడ్డులోంచి బయటికొచ్చిన పిల్ల పురుగుల పని అది. ఆ వారం పోగొట్టుకున్నందుకు ఇప్పటికీ బాధగానే ఉంది.

17వ రోజు: సుడిలోంచి, అంటే మొక్క నడిమి లేత ఆకుల చుట్టలోంచి, వచ్చిన ఆకులకు అడ్డంగా చిల్లులు. సుడి నిండా తడిసిన రంపపు పొట్టు లాంటి పురుగు పెంట. వేళ్లతో విప్పితే అడుగున ఒకే ఒక్క పురుగు ముడుచుకుని ఉంది. తల మీద తిరగేసిన 'వై' ఆకారపు గీత, తోక దగ్గర చతురస్రంగా నాలుగు నల్ల చుక్కలు. కత్తెర పురుగే. అమెరికా ఖండాలకు చెందిన ఈ పురుగు మన దేశంలో మొదట 2018లో కర్ణాటకలో కనబడింది. వరుసగా 100 మొక్కలు చూస్తే 14 మొక్కల్లో ఉంది.

18 నుంచి 24: రోజూ ఉదయం ఆరింటికే అమ్మా నేనూ చెరో వైపు నుంచి మొదలుపెట్టాం. ఆకుల మీద బూడిదరంగు నూగు కప్పిన గుడ్ల ముద్ద కనబడితే అక్కడే నలిపేశాం. ఒక్కో ముద్దలో వందకు పైగా గుడ్లుంటాయి. పెద్ద పురుగుల్ని ఏరి సబ్బు నీళ్లలో వేశాం. సాయంత్రం 1500 పీపీఎం (మందు గాఢత) వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, కాస్త సబ్బు కలిపి, నాజిల్ సుడిలోకి వంచి కొట్టాను. రెండు రోజులాగి తొమ్మిది పాళ్ల ఇసుకకు ఒక పాలు సున్నం కలిపి సుడికి చిటికెడు చొప్పున వేశాను.

26వ రోజు: "ఒక్కసారి గట్టి మందు కొడితే పోదా తమ్ముడూ?" అన్నాడు పక్క చేని అన్న. ఆయన చేలోనే ఒక సుడి విప్పి చూపించాను. పెంట బిరడాలా అడ్డుపడి ఉంది, దాని కింద పురుగు నిక్షేపంగా ఉంది. పురుగు పెరిగాక పైపైన కొట్టిన మందు దాన్ని చేరదు. మూడు సెంట్లకైతే చేత్తో ఏరడమే మేలని నా గట్టి నమ్మకం.

38వ రోజు: 100 మొక్కలు చూస్తే 3 మొక్కల్లోనే పురుగు ఉంది.

45వ రోజు: పూత మొదలైంది. పీచు వస్తే పురుగు కంకిలోకి దూరుతుంది కాబట్టి రోజు విడిచి రోజు చూస్తున్నాను. తినబోయే కంకులు కనుక ఇక ఏ మందూ కొట్టను.