దస్తావేజుల్లోని లాటిన్ పొడి అక్షరాలు: జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు నేను చదివిన తీరు

జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు సిద్ధమవుతున్న మిత్రులు చాలామంది లాటిన్ పదాల పట్టిక ఒకటి దగ్గర పెట్టుకొని, దానిని అక్షరక్రమంలో కంఠస్థం చేయడం చూస్తున్నాను. స్క్రీనింగ్ పరీక్షలో ఒక పదానికి అర్థం సూటిగా అడిగితే ఆ శ్రమ ఫలిస్తుంది. అయితే రాతపరీక్షలో, ముఖ్యంగా అనువాద భాగంలోనూ సివిల్ చట్టాల సమస్యల్లోనూ, కంఠస్థం చేసిన అర్థం ఒక్కటే నిలబెట్టదు. నాకు మేలు చేసిన పద్ధతి ఏమిటంటే, ప్రతి పొడి అక్షరాన్నీ అది కనిపించే దస్తావేజుతోనూ, అక్కడ అది తేల్చే హక్కుతోనూ కలిపి చదవడం.

ఇందుకోసం పాత క్రయ దస్తావేజులు, తనఖా పత్రాలు, వీలునామాల నకళ్లు ముందు పెట్టుకున్నాను. సర్వే నంబరుకు ముందు ఇంగ్లీషులో రాసే 'నెం.' అనే రెండక్షరాలు 'న్యూమెరో' అనే లాటిన్ రూపానికి సంక్షేపమే. తనఖా పత్రంలో వడ్డీ రేటు పక్కన ఉండే 'పి.ఎ.' అంటే 'పెర్ యానమ్', ఏడాదికి అని. రిజిస్ట్రేషన్ చట్టం 1908, 52వ సెక్షన్ ప్రకారం దస్తావేజు దాఖలైన రోజు, వేళ, స్థలం దానిపై నమోదు చేయాలి కాబట్టి, ఆ ఎండార్స్‌మెంటులోని 'ఎ.ఎం.', 'పి.ఎం.' కూడా ఈ కోవలోకే వస్తాయి. వీటి దగ్గర ఎక్కువసేపు ఆగనవసరం లేదు.

ఆగవలసినది 'ఐ.ఇ.', 'ఇ.జి.', 'విజ్.' అనే మూడింటి దగ్గర. 'ఇడ్ ఎస్ట్' అనే మొదటిది ముందు చెప్పినదానినే మరో మాటల్లో చెబుతుంది కనుక దానిని 'అనగా' అని రాయాలి. 'ఎగ్జెంప్లి గ్రాషియా' అనే రెండవది కొన్నింటిని మచ్చుకు చూపి, తక్కినవాటికి తలుపు తెరిచి ఉంచుతుంది కనుక అది 'ఉదాహరణకు' అవుతుంది. 'విడెలిసెట్' అనే మూడవది సాధారణంగా పూర్తి జాబితాకు ముందు వస్తుంది. దానికి మన దస్తావేజుల భాషలో 'ఏవనగా' అన్నదే చక్కగా అమరుతుంది. ఇంటితో పాటు 'చరాస్తులు, విజ్., రెండు బీరువాలు, ఒక భోజనాల బల్ల' అమ్మినట్లు రాసి ఉంటే, కొనుగోలుదారు ఆ వాక్యాన్ని పట్టుకొని ఫ్రిజ్ కూడా తనదేనని అడగడం కష్టం. అదే చోట 'ఇ.జి.' ఉంటే వాదనకు అవకాశం ఉంటుంది. అయితే తలుపులు, కిటికీలు, తాళాల వంటివి జాబితాలో లేకపోయినా, వేరే ఉద్దేశం కనబడనంతవరకు, ఆస్తి బదిలీ చట్టం 1882, 8వ సెక్షన్ వల్ల ఇంటితో పాటే సంక్రమిస్తాయి. పొడి అక్షరం అర్థంతో పాటు ఈ సెక్షన్‌నూ ప్రస్తావించినప్పుడే జవాబు నిండుగా ఉంటుందని నా నమ్మకం.

'ఇ.టి.సి.' ('ఎట్ సెటెరా') విషయంలో మరింత జాగ్రత్త కావాలి. దానిని అనువాదంలో 'వగైరా' అని రాసి ముందుకు సాగిపోతాము గానీ, ఆ వగైరాకు హద్దు ఎంత అన్నదే అసలు ప్రశ్న. ఒక తోట కౌలు పత్రంలో 'మామిడి, కొబ్బరి, నిమ్మ చెట్లు మొదలైనవాటి ఫలసాయం' కౌలుదారు అనుభవించవచ్చునని ఉందనుకుందాం. ఒకే జాతికి చెందిన పేర్ల తరువాత వచ్చే సాధారణ పదాన్ని ఆ జాతికే పరిమితం చేసే 'ఎజుస్‌డెమ్ జెనెరిస్' సూత్రం ప్రకారం ఆ 'మొదలైనవి' పండ్ల చెట్ల దగ్గరే ఆగుతుంది. గట్టు మీది టేకు చెట్లు కౌలుదారు నరకడానికి ఆ వాక్యం ఆధారం కాదు. పైగా ఆ కౌలుకు ఆస్తి బదిలీ చట్టం వర్తిస్తే, దాని 108వ సెక్షన్ (ఓ) క్లాజు, విరుద్ధమైన ఒప్పందం లేనప్పుడు, కౌలుదారు కలప నరకరాదనే చెబుతుంది.

వారసత్వ భాగంలో 'పెర్ కాపిటా' (తలల లెక్కన), 'పెర్ స్టర్పీస్' (శాఖల లెక్కన) అనే జంటను లెక్క వేసి చూడనిదే వదలవద్దు. హిందూ వారసత్వ చట్టం 1956, 19వ సెక్షన్ ఈ రెండు మాటలనూ వాడుతూ, ఆ చట్టం వేరుగా చెప్పిన సందర్భాలు మినహా, వారసులు తలా ఒక వాటాగా తీసుకుంటారని చెబుతుంది. వేరుగా చెప్పిన సందర్భం 10వ సెక్షన్‌లో ఉంది. ఆరు ఎకరాల స్వార్జితం ఉన్న వ్యక్తి వీలునామా రాయకుండా మరణించాడు. భార్య, ఒక కొడుకు, ముందే చనిపోయిన మరో కొడుకు ఇద్దరు కుమార్తెలు మాత్రమే ఉన్నారు. తలల లెక్కన పంచితే ఒక్కొక్కరికి ఎకరంన్నర వస్తుంది. కానీ చనిపోయిన కొడుకు శాఖ మొత్తానికీ ఒకే వాటా కనుక భార్యకు రెండెకరాలు, కొడుకుకు రెండెకరాలు, మనవరాళ్లకు చెరి ఒక ఎకరం వస్తాయి. ఈ లెక్కను కాగితం మీద స్వయంగా వేసుకున్న తరువాత ఆ పదాల అర్థం మరి మరపుకు రాదు.

తీర్పుల్లో కనిపించే 'సుప్రా', 'ఇబిడ్', 'ఎట్ సీక్' అనేవి దారి చూపే గుర్తులు మాత్రమే: పైన ఉదహరించినది, అక్కడే, ఆ తరువాతివి అని వరుసగా అర్థం. కాపీల చివర ఉండే 'ఎస్.డి.' మాత్రం లాటిన్ కాదు. సంతకం చేయబడింది అనే ఇంగ్లీషు మాటకు సంక్షేపం.

చివరిగా, అమెరికాలో ఉన్న మనవారు ఇక్కడి స్థలం అమ్మేందుకు పంపే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ పత్రాలను చదవండి. నోటరీ ధ్రువీకరణలో రాష్ట్రం, కౌంటీ పేర్ల పక్కన 'ఎస్.ఎస్.' అని ఉండవచ్చు. చట్టాల పుస్తకాల్లో అవే అక్షరాలు 'సెక్షన్లు' అనే అర్థంలో వస్తాయి కానీ, ఇక్కడ అది 'అనగా' అనే అర్థం గల 'స్కిలిసెట్'కు సంక్షేపం. ధ్రువీకరణ జరిగిన ప్రాంతాన్ని సూచించే చోట సంప్రదాయంగా వస్తున్నది. ముద్ర వేయవలసిన చోట 'ఎల్.ఎస్.' అని ఉంటే అది 'లోకస్ సిగిల్లి', ముద్ర స్థానం అని గ్రహించాలి. అటువంటి పత్రంపై ప్రశ్న వస్తే ఈ అక్షరాలను వివరించి ఆపివేయకుండా, భారత స్టాంపు చట్టం 1899, 18వ సెక్షన్ ప్రకారం అది మన దేశంలో మొదట అందిన నాటినుండి మూడు నెలల లోపల స్టాంపు చేయించుకోవచ్చునన్న సంగతి కూడా రాయండి.